రేకుల కింద గ్రహణం

సైన్సు గురించి ఒక మనిషి జనం ముందు నిలబడి మాట్లాడగా నేను మొదట విన్నది పెద్దపల్లిలో. అప్పటికి ప్రభుత్వ బడిలో భౌతికశాస్త్రం టీచరుగా చేరి ఎంతో కాలం కాలేదు. గ్రంథాలయం మేడ మీది గదిలో సభ ఉందని, ఒంటరిగా వెళ్ళడానికి మొహమాటంగా ఉందని తోటి టీచరు నన్ను లాక్కెళ్ళింది. కుర్చీలు సగం ఖాళీ. ఫ్యాను తిరిగినప్పుడల్లా కీచుమంటోంది. అరగంట కూర్చుని లేచి వచ్చేద్దామనే అనుకున్నాను.

మాట్లాడేది కాలేజీలో పాఠం చెప్పి రిటైరైన ఒక సారు. బెల్లంపల్లిలో పుట్టి పెరిగారు. వాళ్ళ బాపు బొగ్గుబాయిలో పనిచేసినవాడు. ఆయన వస్తూనే చేతిసంచిలోంచి బూడిదరంగు రాతిపలక ఒకటి తీసి, ముందు వరుసలో ఉన్న నా చేతిలో పెట్టారు. బొగ్గుపొర పక్కన దొరికే రాయి అది. దాని మీద ఒక ఆకు అచ్చు ఉంది. నడుమ ఈనె, దానికి రెండు వైపులా వాలిన సన్నని ఈనెలు, నిన్న సాయంత్రం రాలి బురదలో పడ్డ ఆకులాగే.

"గీ ఆకు చెట్టు మీద ఉన్ననాడు భూమ్మీద మనిషి లేడు. పక్షి లేదు. పువ్వు సుత లేదు," అన్నారాయన. "గప్పుడు దీని మీద పడ్డ ఎండనే మా బాపు తట్టల ఎత్తి పైకి పంపిండు. ఇయ్యాల మీ ఇండ్లల్ల వెలిగే కరెంటు బుగ్గ గా ఎండనే."

బొగ్గు ఎలా ఏర్పడుతుందో నేను బడిలో ఏటా చెప్పే పాఠమే. పరీక్షలో వచ్చే ప్రశ్న కూడా. కానీ ఆ పలక వెనక వరుసవాళ్ళకు అందించడానికి నా చేయి రాలేదు. వెనకావిడ భుజం తట్టి అడిగితే ఇచ్చాను. సభ అయిపోయి బస్సులో కూర్చున్నాక కిటికీలోంచి పడే ఎండను ఒళ్ళో చూసుకుంటూ ఇంటిదాకా వచ్చాను.

తర్వాత రెండు మూడు సభలకు నాకై నేనే వెళ్ళాను. ఒకరోజు సారు, మేడం, మీరు సుత మాట్లాడుండ్రి అన్నారు. నాకు రాదన్నాను. బడిలో మాట్లాడతరు గదా అన్నారు. అలా మొదలైంది. సెలవు దినాల్లో ఆయన పాత స్కూటరు మీద ఆయన, బస్సులో నేను, పిలిచిన ఊరికల్లా వెళ్ళేవాళ్ళం. కులసంఘం భవనాల్లో, బడి వరండాల్లో, ఒక్కోసారి కిరాణా కొట్టు అరుగు మీద మాట్లాడేవాళ్ళం. గాల్లోంచి విభూతి తీయడం ఎలాగో చూపించేవాళ్ళం. ఫోన్లలో తిరిగే కబురు నిజమో కాదో ఎలా తేల్చుకోవాలో చెప్పేవాళ్ళం. ఎవరో ఆడమనిషి బాణామతి, చేతబడి చేసిందన్న అనుమానం పుట్టిన ఊళ్ళో మాట్లాడాల్సి వస్తే మాత్రం ఏం చెప్పాలో ముందు రోజే కాగితం మీద రాసుకునేదాన్ని.

మాది మిషన్ చర్చికి వెళ్ళే కుటుంబం. ఆ సంగతి జనానికి ఎలాగో తెలిసిపోయేది. మెట్‌పల్లిలో ఒక సభలో ఒకాయన లేచి, మా నమ్మకాలు సరే మేడం, మీ చర్చిల నూనె రాస్తె జరం తగ్గుతదా అని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. తగ్గదన్నాను. నన్ను కన్న మా అవ్వకు జరమొస్తే దవాఖానకే తీసుకుపోతాననీ, ప్రార్థన ఆమె మనసుకనీ చెప్పాను. ఈ మాట మా బంధువుల నోట పడి రెండు రోజుల్లో అవ్వకు చేరింది. ఒక పూటంతా నాతో మాట్లాడలేదు. సాయంత్రం చాయ తెచ్చిచ్చి, నేను గోళీ ఏసుకున్నంకనే ప్రార్థన చేస్త గదనే, గది సుత చెప్పకపోయినవ్ అంది. నేను కడుపుతో ఉన్నప్పుడు చంద్రగ్రహణం వస్తే కిటికీలకు దుప్పట్లు కట్టింది కూడా ఈ అవ్వే. బైబిల్లో ఎక్కడుందే అని అడిగితే, బైబిల్ల లేకుంటే ఏంది, వాడకట్టుల ఉన్నది గదా అంది.

ఒక చలికాలం సూర్యగ్రహణం రాబోతుందనగా మాకు పిలుపులు ఎక్కువయ్యాయి. అలా వెళ్ళిందే మెట్‌పల్లి అవతల ఒక చిన్న ఊరు. అక్కడ ఒక వీధి మొత్తం మరమగ్గాలదే. సాంచాలంటారు వాటిని. వీధి మొదట్లో బస్సు దిగితేనే ఆ చప్పుడు అరికాళ్ళకు తెలుస్తుంది. మగవాళ్ళు సాంచాల మీద, ఆడవాళ్ళు బీడీల మీద బతుకుతారు. సంఘం భవనంలో సభ. సాయంత్రం కరెంటు కోత వేళ చూసి పెట్టారు, లేకపోతే సాంచాల మోతలో నా మాట నాకే వినపడదు.

ఆడవాళ్ళు వెనక గోడ వారగా వరసగా కూర్చున్నారు. ప్రతి ఒడిలో ఒక చాట ఉంది. చాటలో కత్తిరించిన తునికాకు, తంబాకు. నేను మాట్లాడుతుంటే వాళ్ళ కళ్ళు నా మీదే ఉన్నాయి, వేళ్ళు మాత్రం బీడీలు చుడుతూనే ఉన్నాయి. బ్యాటరీ బుగ్గను సూర్యుడన్నాను. పిల్లల రబ్బరు బంతిని చంద్రుడన్నాను. బంతి నీడ నా అరచేతి మీద పడేలా పట్టుకుని, అంతే, ఒక నీడ మన మీదుగా నడిచిపోతుంది, నీడ ఎవరినీ ఏమీ చేయదు అని చెప్పాను.

అప్పుడు గోడ వారనుంచి ఒక ఆడమనిషి లేచింది. నాకంటే పది పన్నెండేళ్ళు పెద్దదై ఉంటుంది. చాటను పక్కామె ఒడిలో పెట్టి, కొంగు సర్దుకుంది.

"గ్రహణం మొర్రి అని మీరు సుత అంటరు గదా మేడం. పేర్లనే ఉన్నది గదా గ్రహణం."

ఆ పేరు మనుషులు పెట్టుకున్నదే అని చెప్పబోయాను. ఆమె ఇంకా కూర్చోలేదు.

"నా కొడుక్కున్నది. గదే, తలుపు కాడ నిలవడ్డడు. నేను కడుపుతోటున్నప్పుడు దీపావళి నాడు గ్రహణం పట్టింది. తెల్లారి కార్ఖానల బీడీలియ్యాలె. తలుపులన్ని ఏసుకొని, లోపట కూసొని కత్తెరతోటి ఆకు కత్తిరించిన. గంతే నేను చేసింది."

అందరూ తలుపు వైపు చూశారు. పాతికేళ్ళ అబ్బాయి, మీసాలు ఒత్తుగా పెంచుకున్నాడు. పెదవి మీది చీలికను మీసం సగమే దాచింది. అతను తల తిప్పుకోలేదు. తల్లి వైపే చూస్తున్నాడు.

మిగతాది ఆమె అక్కడ కొంత, తర్వాత కొంత చెప్పింది. పిల్లవాడు పుట్టగానే అత్త మొదట అడిగింది కత్తెర గురించేనట. ఆ అత్త చచ్చేదాకా కోడలిని 'కత్తెర చేతులది' అనే పిలిచింది. బడిలో పిల్లలు వెక్కిరించిన రోజున కొడుకు కూడా ఇంటికొచ్చి, ఎందుకు కత్తిరించినవే అవ్వా అని అడిగాడు. ఆనాటి నుంచి ఆమె కత్తెర ముట్టలేదు. బీడీలు చుట్టి బతికే మనిషికి అది మామూలు సంగతి కాదు. పక్కింటామె ఆకు కత్తిరించి ఇస్తే, బదులుగా ఈమె ఆమె బీడీలకు దారం కట్టి పెట్టేది.

నేను ఒక్కటే అడిగాను. గ్రహణం నాటికి నీకెన్నో నెల అక్కా?

"ఏడు."

తల్లి కడుపులో మొహం ఎలా తయారవుతుందో నాకు తెలిసినంత చెప్పాను. పై పెదవి మొదట ఒక్క ముక్కగా ఉండదని, రెండు వైపుల నుంచి వచ్చి నడుమ అతుక్కుంటుందని, ఎందుకో ఒక్కోసారి అతుక్కోదని, ఆ సందే మొర్రి అని. ఇదంతా రెండో నెల దాటేలోపే అయిపోతుందని.

"నువ్వు కత్తెర పట్టేటాళ్లకే ఆ పెదవి అట్లున్నది అక్కా. అప్పటికే ఎన్నో నెలలైంది."

గోడ వారన చుట్టే వేళ్ళు ఆగిపోయాయి.

"అయితే నేను చెయ్యలే?"

"నువ్వు చెయ్యలే."

"మల్ల ఎవలు చేసిండ్రు?"

ఎవలు చెయ్యలే అక్కా అన్నాను. కొన్నిసార్లు వంశంలో వస్తుంది, కొన్నిసార్లు తల్లి తిండిలో లోపం, కొన్ని మందులు, పొగ తాగడం కూడా కారణం కావచ్చంటారు, చాలామందిలో ఏ కారణమూ తేలదు అని చెప్పాను. పొగ అన్నానో లేదో, ఆమె పక్కామె ఒడిలోని తన చాట వైపు చూసింది. గోడ వారనున్న ఆడవాళ్ళంతా తమ తమ చాటల వైపు చూసుకున్నారు. తంబాకా, అందామె మెల్లగా.

ఒక తప్పు ఆమె నెత్తి మీంచి దించి ఇంకో తప్పు పెట్టడానికి నేను రాలేదు. అలాగని లేనిది చెప్పి ఓదార్చడానికీ రాలేదు. తంబాకు ఒంటికి మంచిది కాదు, ఆ సంగతి మీ అందరికీ తెలుసు, కానీ నీ కొడుకు పెదవికి ఇదే కారణమని ఎవరూ చెప్పలేరు, నాకూ తెల్వదు అన్నాను. ఆమె ఒక్క క్షణం నా మొహంలోకి చూసి కూర్చుంది. ఏడవలేదు. చాట మళ్ళీ ఒడిలోకి తీసుకుంది కానీ సభ అయ్యేదాకా ఒక్క బీడీ కూడా చుట్టలేదు.

సభ అయ్యాక ఆమె తన కోడలిని వెంటబెట్టుకుని వచ్చింది. ఆ పిల్లకు ఆరో నెల. గ్రహణం ఇంకో వారంలో ఉంది. అత్త ఏమీ అడగలేదు, కోడలే అడిగింది. మా ఆయనకున్నది గదా మేడం, లోపట పిల్లకు సుత వస్తదా అని. తండ్రికి ఉంటే మిగతావాళ్ళకంటే కొంచెం ఎక్కువ అవకాశం ఉంటుందని, అయినా ఎక్కువమందికి రాదని, ఒకవేళ వచ్చినా ఇప్పుడు చిన్నప్పుడే కుట్టేస్తారని చెప్పాను. స్కానింగులో అంతా మంచిగున్నదన్నరు అందా పిల్ల. సంతోషమన్నాను.

బస్టాండుకు నడుస్తూ నా భయం సారుతో చెప్పాను. ఒకవేళ ఆ బిడ్డకు మొర్రి ఉంటే మనం చెప్పిన మాట ఈ వీధిలో ఇక ఎవరు వింటారు? ఆయన, "బిడ్డ మంచిగ పుడితేనే మనం చెప్పింది నిజమైతదా? అట్ల పుట్టినా నిజం నిజమే. కాకపోతే మనం మల్ల రావాలె, గంతే," అన్నారు.

గ్రహణం రోజు పొద్దున్నే అక్కడికి చేరాం. వీధి చివర ఖాళీ జాగాలో నల్ల కళ్ళద్దాలు, చిన్న దుర్భిణి, తెల్ల అట్ట సర్దుకున్నాం. మంచు ఇంకా పూర్తిగా విడవలేదు. ఆ వీధిలో అంత నిశ్శబ్దం నేను ఊహించలేదు. సాంచాలన్నీ ఆపేశారు. తలుపులు వేసేశారు. నీళ్ళ బిందెల మీద గరిక వేసి ఉంది. కుక్కలు కూడా ఏదో తేడా పసిగట్టినట్టు నడివీధిలో కూర్చున్నాయి. ఎవరూ రాలేదు. మేమే ఒకరి తర్వాత ఒకరం చూసుకున్నాం.

మొదట వచ్చింది ఆ కొడుకు. కళ్ళద్దాలు తీసుకుని పైకి చూసి అలాగే ఉండిపోయాడు. మెడ నొప్పి పుడుతుందేమో అన్నంత సేపు చూశాడు. కొరికినట్టున్నది, అన్నాడు. అతను ముక్కుతో మాట్లాడతాడు, మాట పట్టుకోవడానికి జర సేపు పడుతుంది. ఇంకెంత కొరుకుతది అని అడిగాడు. సగం కంటే ఎక్కువే అన్నాను.

కాసేపటికి తల్లి వచ్చింది. అద్దాలు ఇస్తే తీసుకుంది కానీ పైకి చూడలేదు.

"పిల్లను లోపట్నే కూసోవెట్టిన. నువ్వు చెప్పింది నాకు సమజైంది మేడం. సమజైనా భయం పోతలేదు."

దానికేం ఫికర్ లేదక్కా, బయటికి రావాలని ఎవరూ బలవంతం చేయరు అన్నాను. నిజంగానే అన్నాను. పాతికేళ్ళ భయం ఒక సాయంత్రం సభతో పోతే అది భయమే కాదు.

ఎండ రంగు మారింది. సాయంత్రపు పసుపు కాదు, మబ్బు పట్టిన మసక కాదు, పగలే వెన్నెల కలిసినట్టుంది. చలి పెరిగింది. అప్పుడు వీళ్ళ ఇంట్లోంచి కోడలి గొంతు వినిపించింది. అత్తమ్మా, జర ఇటు రా అని. గట్టిగా పిలవలేదు, కానీ ఆ గొంతులో ఏదో ఉంది. అత్త అద్దాలు చేతిలో అలాగే పట్టుకుని పరుగెత్తింది. కొడుకు వెళ్ళాడు. నేను వెనక వెళ్ళాను, నొప్పులేమైనా మొదలయ్యాయేమో అని.

ఒకటే పొడుగాటి గది. ఒక పక్క రెండు సాంచాలు, ఒక పక్క వంట. కిటికీలు మూసి గోనెలు కట్టారు. పైన రేకులు. ఎప్పటివో పాత రేకులు, ఇంకెక్కడో కప్పి విప్పుకొచ్చి ఇక్కడ వేసినవి, అందుకని వాటి నిండా మేకుల తూట్లు. మామూలు రోజుల్లో అయితే ఆ తూట్లలోంచి గుండ్రని వెలుగు చుక్కలు గోడ మీద పడతాయి. ఆ వెలుగు చుక్కలను ఎవరు పట్టించుకుంటారు?

ఆ పొద్దున గోడ నిండా నెలవంకలు. పడమటి గోడ మీద, సాంచ మీద సగం నేసిన తెల్లటి గుడ్డ మీద, బియ్యం డబ్బా మీద, చాప మీద. లెక్కలేనన్ని సన్నని నెలవంకలు, అన్నీ ఒకే వైపు తిరిగి, అన్నీ ఒకే ఒంపుతో. చీకటి గది నడుమ ఆ పిల్ల చాప మీద కూర్చుని ఉంది. ఆమె జుట్టు మీద, భుజం మీద, కడుపు మీద చీర మడతల్లో కూడా నెలవంకలే.

"ఇంట్లకొచ్చింది," అందా పిల్ల.

ఇది ఎలా జరుగుతుందో నాకు తెలుసు. సన్నని తూటు గుండా వచ్చిన వెలుగు సూర్యుడి బొమ్మను తలకిందులుగా గీస్తుంది. ఎన్నోసార్లు నల్లబల్ల మీద గీతలు గీసి చూపించాను, పిల్లల చేత గీయించాను. అయినా, మనం రోజూ చూసే ఆ గుండ్రని చుక్కలు తూటు ఆకారంలో ఉండవని, అవి సూర్యుడి బొమ్మలేనని, రోజూ ఈ ఇంట్లో ఇన్ని సూర్యుళ్ళు పొద్దున్నే గోడ దిగి నేల మీద నడిచి పోతున్నారని, ఆ ఎరుక నాకు ఆ క్షణమే వచ్చినట్టయింది.

అత్త మాత్రం ముందు కోడలి దగ్గరికే వెళ్ళింది. కొంగు విప్పి పిల్ల కడుపు మీద అడ్డం పట్టింది. నెలవంకలు కొంగు మీద పడ్డాయి. చేయి అడ్డం పెట్టింది. చేతి మీద పడ్డాయి. ఎటు జరిగినా పడుతున్నాయి. నేను మెల్లగా చెప్పాను, ఒక్కొక్క తూటు ఒక్కొక్క సూర్యుణ్ని చూపెడుతున్నది అక్కా, బయట మీ అబ్బాయి చూసింది ఇదే, రోజూ పడే ఎండే ఇది, ఇవాళ సగమే వస్తోంది, అంతే అని.

ఆమె కొంగు దించింది. అరచేయి చాపి ఒక నెలవంకను పట్టుకున్నట్టు పట్టుకుంది. బీడీలు చుట్టీ చుట్టీ నల్లబడ్డ వేళ్ళ నడుమ అది నిలిచి వెలిగింది. చేయి కొంచెం జరిపితే పక్కది వచ్చి చేరేది. అలా ఎంతసేపు ఆడిందో. కోడలు నవ్వింది. ఆ తర్వాత ఆమె నా వైపు తిరగకుండానే అంది:

"నాడు సుత గిట్లనే పడ్డయి కావచ్చు నా మీద. గీ ఇల్లే. గీ రేకులే. నేను ఆకు మీదికెల్లి తల ఎత్తలే."

కొడుకు వెళ్ళి పక్కిళ్ళ తలుపులు తట్టాడు. ఒక్కొక్కరే వచ్చి గడపలోంచి తొంగి చూశారు. వాళ్ళిళ్ళకు స్లాబులు, ఈ వేడుక వాళ్ళకు లేదు. ముసలివాళ్ళు కొందరు దండం పెట్టారు. సారు వద్దనలేదు. ఆయనా కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని నోరు తెరిచి చూస్తూ నిలబడ్డారు. నెలవంకలు మెల్లమెల్లగా లావై మళ్ళీ గుండ్రంగా అయ్యాక, వీధి చివర ఎక్కడో ఒక సాంచ మొదలైంది. దాని వెనక ఇంకొకటి.

ఎండలు ముదిరాక ఒకరోజు ఆ అబ్బాయి ఫోను చేశాడు. ఆడపిల్ల పుట్టిందన్నాడు. సంతోషమన్నాను. పెదవి నా లెక్కనే ఉన్నది మేడం అన్నాడు.

మరునాడే బయలుదేరాను. దారంతా ఏం చెప్పాలో కూడబలుక్కుంటూనే ఉన్నాను. వాళ్ళ ఇంట్లో అడుగు పెట్టేసరికి జనం. కోడలి తల్లి గోడకు తల ఆనించుకుని ఏడుస్తోంది. వాడకట్టు పెద్దాయన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. స్కానింగులో మంచిగున్న పిల్ల గ్రహణం తర్వాత గిట్లెట్లయింది, గా చుక్కలన్ని పిల్ల కడుపు మీద పడంగ మనం చూడలేదా అని ఆయన అంటున్నాడు. మాట నిదానంగానే ఉంది, కోపంగా కాదు. అందుకే అది అందరికీ ఎక్కుతోంది. నన్ను చూసి ఇంకెవరో మొహం తిప్పుకున్నారు.

నేను నోరు తెరవబోయాను. అబ్బాయి తల్లి చేయెత్తి నన్ను ఆపింది. ఒడిలో పసిపిల్ల ఉంది. పై పెదవిలో ఒక పక్క చిన్న చీలిక, ముక్కు దాకా పోలేదు. చెంచాతో పాలు పడుతోంది.

"నా కొడుక్కైనప్పుడు నన్నన్నరు. నాకు తెల్వక నోరు తెర్వలే," అంది. గొంతు పెంచలేదు. "ఇప్పుడు తెలిసింది. గా దినం నా కోడలికి ఆరో నెల. పెదవి రెండో నెలల్నే అతుకుతది. స్కానింగుల పిల్ల చెయ్యి మొకానికి అడ్డం పెట్టుకున్నదట, అందుకే కండ్లవడలేదని డాక్టరమ్మ చెప్పింది. నేను పోయి అడిగొచ్చిన. ఇది వాళ్ల నాయిన పోలిక. ముక్కు పోలిక వస్తే అంటమా? ఇంకా నా కోడల్ని ఒక మాట అనాలెనంటే ముందు నన్నను. నాకు అలవాటున్నది."

పెద్దాయన, పాలు మంచిగ తాగుతున్నదా అని అడిగి లేచి వెళ్ళాడు. గోడకు ఆనుకున్న వియ్యపురాలు కళ్ళు తుడుచుకుని పసిపిల్లను తన ఒడిలోకి తీసుకుంది. నేను దారి పొడుగునా కూడబలుక్కున్న మాటల్లో ఒక్కటీ పనికి రాలేదు. అవసరం కూడా పడలేదు.

మళ్ళీ కొన్ని వారాలకు వెళ్ళినప్పుడు ఆమె ఇంట్లో లేదు. పసిపిల్లను భుజాన వేసుకుని ఎటో పోయిందంది కోడలు. వచ్చాక చెప్పింది. గ్రహణం నాడు కడుపుతో ఉన్న ఆడవాళ్ళను వెతుక్కుంటూ ఈ ఊరూ పక్క ఊరూ తిరుగుతోందట. ఇంటికి పోవడం, మంచినీళ్ళు అడగడం, ఆ రోజు నువ్వేం చేసినవ్ బిడ్డా అని అడగడం, పిల్లను ఎత్తుకుని మొహం చూడడం. ఒకామె చీకటి గదిలో వెల్లకిలా కదలకుండా పడుకుందట. ఒకామె తలుపేసుకుని చాటుగా ఉల్లిగడ్డలు కోసుకుని కూర వండుకుందట. ఒకామెకు గ్రహణమన్న సంగతే తెలియక నారుమడి దగ్గర ఉందట. అందరి పిల్లలూ మంచిగున్నారు.

"ఇట్ల తిరుగుమని నీకెవలు చెప్పిండ్రక్కా?" అని అడిగాను.

"ఎవలు చెప్పలే. నువ్వు చెప్పింది నిజమో కాదో నేను సూసుకోవాలె గదా చెల్లె."

అప్పటిదాకా నన్ను మేడం అనే పిలిచేది. నేను ఎన్నో సభల్లో, ఎవరు చెప్పినా ఊరికే నమ్మకండి, మేం చెప్పినా నమ్మకండి, మీరే చూసుకోండి అని చెప్పాను. అది మా సభల్లో చివర వచ్చే మాట. జనం చప్పట్లు కొట్టి ఇంటికి పోతారు. ఆ మాటను పట్టుకుని, ఎండలో, భుజాన పసిపిల్లతో ఇల్లిల్లూ తిరిగి నా మాటను పరీక్షకు పెట్టిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు. చదువు చెప్పే వృత్తిలో ఇంత గొప్ప మర్యాద నాకు ఇంకెవరూ చేయలేదు.

పిల్లకు బరువు వచ్చాక కరీంనగర్‌లో ఆపరేషన్ అయింది. కుట్టు విప్పాక చూస్తే సన్నని గీత, అంతే. అదే డాక్టరు తండ్రిని కూడా చూసి, నీకు సుత చెయ్యొచ్చు అన్నాడట. పెండ్లి సుత అయిపాయె, ఇంకెందుకు సార్ అని ఇతను నవ్వి ఊరుకున్నాడు. ఇంకా ఊరుకునే ఉన్నాడు. పిల్ల మాత్రం తండ్రి మీసం పట్టుకుని లాగుతుంటుంది.

ఇప్పుడామె వీలైనప్పుడు మా సభలకు వస్తుంది. మొన్న బెల్లంపల్లిలో సభ ఉంటే నాతో బస్సెక్కింది. వేదిక మీద తనకు జరిగిందే చెబుతుంది, ఒక్క మాట ఎక్కువ చెప్పదు. దారిలో మాత్రం ఊరుకోదు. ధర్మపురి దాటి గోదావరి వంతెన మీదికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది, నీళ్ళ మీద ఎండ ఎర్రగా పరుచుకుంది. సూర్యుడు గంత పెద్దగుండి, చంద్రుడు గింతుండి, సరిగ్గ ఎట్ల కప్పుతడు చెల్లె అని అడిగింది. చంద్రుడు దగ్గర, సూర్యుడు దూరం, అందుకే మన కంటికి రెండూ ఒకే అంతగా ఉంటాయి, అది అలా కుదిరింది అని చెప్పాను. చంద్రుడు ఏటేటా కొంచెం కొంచెం దూరం జరుగుతున్నాడని కూడా చెప్పాను. కోట్ల ఏండ్లు పోయాక ఎంత చిన్నగా కనపడతాడంటే, సూర్యుణ్ని పూర్తిగా కప్పలేడు. ఆ తర్వాత సంపూర్ణ గ్రహణమన్నది ఇక ఉండదు.

ఆమె కిటికీలోంచి చూస్తూ ఉండిపోయింది. బస్సు వంతెన దాటింది. పొలాలు వచ్చాయి. నిద్ర పట్టిందేమో అనుకున్నాను.

"అయితే గ్రహణం సుత ఒకనాడు సచ్చిపోతదన్నట్టు," అంది చాలాసేపటికి. "పాపం."